వాళ్ళది చాదస్తం, మనది పొగరా?

(పల్లె కార్యకర్తల అధ్యయన తరగతిలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దుటి నుంచి ఈ తరగతిలో భూమి గురించి మాట్లాడారు. కూలి రేట్ల గురించి, శ్మశానానికి దారి గురించి మాట్లాడారు. అవన్నీ అయ్యాక మమ్మల్ని లేపి "మాస్టారూ, మీరు మాటల గురించి చెప్పండి" అన్నారు. మాటల్లో ఏముంది, మాటలు కూడు పెడతాయా అని మీలో కొందరికి అనిపించొచ్చు. నిజమే, మాటలు కూడు పెట్టవు. కానీ నోటికాడి కూడు లాగేసే ముందు మాటే వస్తది. మన మీద కర్ర లేచిన చోటల్లా, కర్ర కంటే ముందు ఒక మాట లేచింది. "వీళ్ళకి పొగరెక్కింది" అనే మాట. ఆ మాట రచ్చబండ మీద కూచుని, టీ కొట్టు దగ్గర నిలబడి, అందరి నోళ్ళలో నానిన తర్వాతే కర్ర బయటికి వచ్చింది.

అందుకని మనుషుల వింత అలవాట్లకి, తిక్కలకి, నడవడికకి మన తెలుగులో ఉన్న మాటల గురించి కాసేపు మాట్లాడుకుందాం. ఏ అలవాటుకి ఏ పేరు పెడుతున్నారు? అదే అలవాటుకి ఎవరికి ఏ పేరు పెడుతున్నారు? ఆ పేరు పెట్టే పెత్తనం ఎవరి చేతిలో ఉంది? మేము చెప్పదలుచుకున్నది ఇంతే.

ముందు ఒక సంగతి. ఇట్లాంటి మాటలకి తెలుగులో కరువు లేదు. మాటమాటకీ ఒకే ముక్క తగిలించే అలవాటుంటే దాన్ని ఊతపదం అంటాం. ముసలాయనకి ఊతకర్ర ఎట్లాగో, మాట సాగడానికి ఆ ముక్క అట్లా. కోపం ముక్కు చివర పెట్టుకుని తిరిగేవాడు ముక్కోపి. మనం ఎడ్డెం అంటే తెడ్డెం అనేవాడు ఒకడు. పట్టుకుంటే వదలనివాడు జిడ్డు. చెప్పిందే చెప్పి ప్రాణం తీసేవాడు నస. రూపాయి తీయడానికి రోజంతా ఆలోచించేవాడు పిసినారి. తిండిపోతు, నిద్రపోతు, తిరుగుబోతు, వాగుడుకాయ, తుంటరి, కొంటె, పెంకి, మొండి, తిక్క, వెర్రి. చెప్పుకుంటూ పోతే పొద్దుగూకుద్ది.

ఈ మాటల్లో చాలావాటిలో కోపం కంటే చనువు ఎక్కువ. మనిషిని దగ్గరగా చూసినవాళ్ళు పెట్టిన పేర్లివి. మన పల్లెలో ప్రతి ఇంటికీ ఇట్లాంటి మనిషి ఒకరుంటారు. మూడు మాటలకి ఒకసారి "అదీ సంగతి" అనే పెదనాన్న ఉంటాడు. పొయ్యి ఆర్పానో లేదో అని పొలం గట్టు దాకా పోయి వెనక్కి వచ్చే అమ్మమ్మ ఉంటది. కొత్త చెప్పులు కొనుక్కుని అవి అరిగిపోతాయని చేత్తో పట్టుకు నడిచే చినాయన ఉంటాడు. వాళ్ళని చూసి నవ్వుకుంటాం. వాళ్ళు పోయాక ఆ అలవాటు చెప్పుకునే ఏడుస్తాం. మనిషి గుర్తుండేది అట్లాగే.

అయితే ఇవే మాటలు పల్లె దాటి ఊళ్ళోకి పోయేసరికి తూకం మారిపోద్ది. తక్కెట్లో రెండు రకాల రాళ్ళు పెట్టుకుని కూచుంటారు. ఒక రాయి వాళ్ళకి, ఒక రాయి మనకి. లెక్క చూడండి.

ఆసామి కాలు మీద కాలేసుకుంటే దర్జా. మనోడు వేసుకుంటే పొగరు. ఆసామి మీసం మెలేస్తే రోషం. మనోడు మెలేస్తే కొవ్వు. ఆయన గట్టిగా అరిస్తే "మాట కరుకు గానీ మనసు వెన్న". మనోడు గొంతు పెంచితే నోటి దూల. ఆయన ఒకరి చేత మాట పడకపోతే అభిమానవంతుడు. మనం మాట పడకపోతే తలబిరుసు. ఆయన పట్టిన పట్టు వదలకపోతే పట్టుదల. మనం వదలకపోతే మొండితనం. ఆయన రోజూ సాయంత్రం సీసా ముందు కూచుంటే సరదా మనిషి. మనోడు పండక్కి తాగినా తాగుబోతు. ఆయన ఇవ్వాల్సిన కూలి డబ్బులు ఇవ్వకపోతే మతిమరుపు. మనం అప్పు ఒక నెల ఆలస్యం చేస్తే ఎగ్గొట్టే బుద్ధి.

చేసిన పని ఒకటే. పేరు మాత్రం చేసినవాడి ఇల్లు ఎక్కడుందో చూసి పెడుతున్నారు.

ఇందులో చాదస్తం అనే మాట దగ్గర కాస్త ఆగాలి. ఛందస్సు అంటే వేదం. వేదం చదివినవాడు ఛాందసుడు. అతని తీరు ఛాందసత్వం. అది జనం నోట నలిగి నలిగి చాదస్తం అయింది. అంటే అతిగా పట్టింపులు పాటించే అలవాటుకి, వేదం చదివిన ఇంటి నుంచే పేరొచ్చింది. పుట్టుకతోనే ఆ మాటకి ఒక గౌరవం అంటుకుని ఉంది. ఒక పెద్దాయన ఉన్నాడనుకోండి. మన నీడ పడితే నీళ్ళు పోసుకుంటాడు. మనం ముట్టుకున్న డబ్బుల మీద నీళ్ళు చల్లి తీసుకుంటాడు. ఊరు ఏమంటది? "పాపం, ఆయనకి కాస్త చాదస్తం, మనసులో ఏమీ ఉండదు" అంటది. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలో 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో దాన్ని శిక్షించే చట్టం కూడా వచ్చింది. చట్టం దాన్ని నేరం అంటుంటే ఊరు చాదస్తం అంటోంది. నేరానికి పెట్టిన ముద్దుపేరు అది.

రెండో సంగతి ఇంతకంటే లోతైనది. వాళ్ళలో ఒకాయన పిసినారి అయితే, ఆయన ఒక్కడే పిసినారి. ఒకాయన ముక్కోపి అయితే, ఆయన ఒక్కడే ముక్కోపి. ఆ కులానికంతా కోపం ఎక్కువని ఎవరూ రాసి పెట్టుకోరు. మన దగ్గరికి వచ్చేసరికి ఎవడో ఒకడు ఒక పని చేస్తే "ఎంత చదివినా కులబుద్ధి ఎక్కడికి పోద్ది" అంటారు. ఒక్కడు ఆలస్యంగా వస్తే ఆఫీసులో మనవాళ్ళందరూ ఆలస్యం మనుషులే. ఒకడు అబద్ధం ఆడితే పల్లె పల్లెంతా అబద్ధాలకోరు. వాళ్ళ అలవాటు మనిషిది, మన అలవాటు కులానిది. అంటే వాళ్ళలో ఒక్కొక్కరూ ఒక్కొక్క మనిషి, మనమందరం కలిసి ఒక మంద. ఇదీ ఈ మాటల వెనక ఉన్న లెక్క.

ఈ లెక్క భాషలోకి ఎంత లోతుగా దిగిందో చూడండి. కూర బాగాలేకపోతే చండాలంగా ఉందంటారు. ముక్కులో వేలు పెట్టుకుంటే చండాలపు అలవాటు అంటారు. చదువుకున్నవాళ్ళు, మంచివాళ్ళు, మన మిత్రులు కూడా అంటారు. చండాలురు అంటే ఎవరు? ధర్మశాస్త్రాలు ఊరి బయటకి నెట్టిన మనుషులు. ఒక జనం పేరు తీసుకెళ్ళి అసహ్యానికి పేరుగా పెట్టారు. ఇంగ్లీషోడు కూడా తక్కువ తినలేదు. తమిళనాట పరై అనే డప్పు కొట్టే పరయర్ల పేరు తీసుకుపోయి, వెలివేయబడ్డవాడు అనే అర్థంలో పరయా అని తన భాషలో వాడుకున్నాడు. డప్పు మనది, తిట్టు వాళ్ళది.

ఇక ప్రభుత్వం సంగతి. నోటి మాట గాలికి పోద్ది అనుకుంటాం. కాగితం మీదికెక్కితే పోదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్త జాతుల చట్టం తెచ్చింది. నేరం కొందరు మనుషుల అలవాటు, ఆ అలవాటు పుట్టుకతో వస్తది అనేదే ఆ చట్టం సారం. 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ విస్తరించారు. ఎరుకల వాళ్ళని తెచ్చి సెటిల్మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అట్లా పుట్టిన ఊరే. పొట్టలో ఉన్న బిడ్డకి కూడా నేరం అలవాటు అంటగట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. రద్దు చేసి ఊరుకున్నారా? అలవాటు నేరస్తుల చట్టాలంటూ రాష్ట్రాలు వేరే చట్టాలు తెచ్చుకున్నాయి. జాతి అనే మాట తీసేసి అలవాటు అనే మాట పెట్టారు. పోలీసు వెళ్ళి తట్టే తలుపులు మాత్రం ఎక్కువగా ఆ పాత తలుపులే.

జైళ్ళ సంగతి ఇంకా ఘోరం. ఉత్తరప్రదేశ్ జైలు నియమాల్లో ఒక నిబంధన ఉండేది. సాధారణ శిక్ష పడిన ఖైదీ చేత నీచమనుకునే పనులు చేయించకూడదట. కానీ అట్లాంటి పనులకి అలవాటు పడిన వర్గంలోంచి వచ్చినవాడైతే చేయించొచ్చట. అలవాటు అనే మాట చూశారా? తరతరాలుగా కర్ర చూపించి మన చేత పాయఖానాలు ఎత్తించారు. ఎత్తించి, అది మీ అలవాటు అని రాసుకున్నారు. ఎవరన్నా ఇష్టపడి మలం ఎత్తడం అలవాటు చేసుకుంటారా? సుకన్య శాంత అనే పాత్రికేయురాలు దీని మీద సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2024 అక్టోబర్ 3న కోర్టు తీర్పు చెప్పింది. జైళ్ళలో కులాన్ని బట్టి పని పంచే నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. రాజ్యాంగం వచ్చి 74 ఏళ్ళు దాటాక కొట్టేసిన మాట అది. ఒక మాట చెరిగిపోవడానికి ఎన్నేళ్ళు పడుతుందో లెక్కేసుకోండి.

మాట కర్రగా ఎట్లా మారుద్దో చెప్పడానికి మనం ఎక్కడికో పోనక్కర్లేదు. 1985 జులైలో కారంచేడు. అప్పటి ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. మాదిగపల్లె తాగే చెరువు దగ్గర గేదెల కుడితి నీళ్ళతో మురికి చేస్తుంటే మన పిల్లాడు ఇదేంటని అడిగాడు. కొట్టబోయారు. నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త అడ్డం పడి చేతిలో బిందె ఎత్తింది. తాగే నీళ్ళ గురించి అడగడం, దెబ్బ కాచుకోవడానికి బిందె ఎత్తడం లోకంలో ఎవరైనా చేసే పనే. ఊరికి అది పొగరుగా కనబడింది. జులై 17న ఆరుగురిని చంపారు. 1991లో చుండూరు. సినిమా హాల్లో చదువుకున్న మన పిల్లాడి కాలు ముందు సీట్లోవాడికి తగిలింది. సినిమా చూస్తూ కాలు చాపుకోని మనిషి ఉంటాడా? మామూలు అలవాటది. దానికి పొగరు అని పేరు పెట్టారు. ఆ పేరు నెల రోజులు ఊళ్ళో నానింది. వెలి పెట్టారు. ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.

మీసం కూడా అంతే. 2017లో గుజరాత్‌లో గాంధీనగర్ జిల్లా లింబోదరా గ్రామంలో మీసం పెంచారని దళిత యువకుల్ని కొట్టారన్న ఫిర్యాదులొచ్చాయి. అప్పుడు ఆ రాష్ట్రంలో మన యువకులు ఏం చేశారో తెలుసా? వందలాదిగా మీసాలు మెలేసిన ఫొటోలు సెల్‌ఫోన్లలో పెట్టారు. పైపెదవి మీద నాలుగు వెంట్రుకలు ఎట్లా ఉండాలో చెప్పే హక్కు ఎవరికీ లేదని ఆ ఫొటోలతోనే చెప్పారు.

ఇక్కడ ఇంకో ప్రశ్న వస్తది. "మాస్టారూ, మనవాళ్ళకి కొన్ని అలవాట్లు నిజంగానే ఉన్నాయి కదా" అని కొందరు తమ్ముళ్ళు అడుగుతుంటారు. ఉన్నాయి. అవి ఎక్కడి నుంచి వచ్చినయ్యో అడగండి. మనోళ్ళు గట్టిగా మాట్లాడతారు అంటారు. ఎందుకు మాట్లాడరు? మన తాతలు ఆసామి గడప దాకా పోవడానికి వీల్లేదు. వీధిలో, దూరంగా నిలబడి పిలవాలి. పది గజాల దూరం నుంచి కేకేయకపోతే లోపలున్నవాడికి వినపడదు. పొలంలో ఈ గట్టు మీద నుంచి ఆ గట్టు మీది మనిషితో మాట్లాడాలి. దూరం వాళ్ళు పెట్టారు, గొంతు మనకి పెరిగింది. ఇప్పుడు ఆ గొంతుని గోల అంటున్నారు. వాళ్ళ వీధిలో నలుగురు మాట్లాడుకుంటే సందడి, మన పల్లెలో నలుగురు మాట్లాడుకుంటే గోల.

మన ముసలోళ్ళు కుర్చీ చూపించినా గొంతుక్కూచుంటారు. మంచం మీద కూచోనివ్వని కాలం ఆ మోకాళ్ళకి అలవాటైంది. పెద్దోళ్ళు కనబడితే భుజం మీది తువ్వాలు దానంతటదే చంకలోకి జారుద్ది. గ్లాసు ఇచ్చినా దోసిలి పడతారు. తెలంగాణలో దొరల గడీల ముందు "బాంచన్ దొరా, కాల్మొక్తా" అన్న మాట ఉండేది. మాటకి ముందొకసారి, మాటకి వెనకొకసారి అనేవాళ్ళు. పైకి చూస్తే ఊతపదంలా ఉంటది. కానీ ఊతపదం మనిషిని నిలబెడుతుంది. ఇది మనిషిని వంచింది. 1946 నుంచి 1951 దాకా అక్కడ జనం సాయుధంగా లేచిన తర్వాత ఆ మాట నోళ్ళలోంచి పోవడం మొదలైంది. దాన్ని పోగొట్టడానికి భాషా పండితుడు రాలేదు, వెట్టి చేసే మనిషే లేచి నిలబడ్డాడు. అలవాటు దేనివల్ల పుట్టిందో అది కూలితేనే అలవాటు కూలుద్ది.

కూలి డబ్బులు మూడుసార్లు లెక్కపెట్టుకునే అక్కలు మన పల్లెలో ఉన్నారు. "నమ్మకం లేని మనిషి, అనుమానపు పీనుగ" అని వెక్కిరిస్తారు. ఎన్నిసార్లు తక్కువ ఇస్తే ఆ వేళ్ళకి ఆ అలవాటు వచ్చిందో వెక్కిరించేవాడు అడగడు. మా దృష్టిలో అది అనుమానం అనిపించుకోదు, అనుభవం అనిపించుకుంటది.

పెద్దవాళ్ళ విషయంలో కూడా ఇదే తక్కెడ. గాంధీ గారు 1921లో మదురైలో చొక్కా తీసేసి కొల్లాయికి మారారు. మేకపాలు తాగేవారు. సోమవారం మౌనం పాటించేవారు. వీటన్నిటినీ దేశం మహాత్ముడి నియమాలు అని భక్తితో చెప్పుకుంది. బాబాసాహెబ్ అంబేద్కర్ సూటు వేసుకున్నారు. పుస్తకాల కోసమే అన్నట్టు బొంబాయి దాదర్‌లో ఇల్లు కట్టుకున్నారు. తీరిక చేసుకుని వయొలిన్ నేర్చుకున్నారు. కుక్కల్ని ప్రేమగా పెంచుకున్నారు. వీటిని దొరల మోజు అన్నవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. బళ్ళో అందరితో కూచోనివ్వక, ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకుని దూరంగా కూచుని చదువుకున్న బిడ్డ ఆయన. ఆ బిడ్డ పెద్దయ్యాక మంచి కోటు తొడుక్కుంటే అందులో మోజు చూసినవాడికి కళ్ళున్నట్టా, లేనట్టా? బట్టలున్నవాడు తీసేస్తే త్యాగమైంది. బట్టలు లేనివాళ్ళ బిడ్డ వేసుకుంటే మోజైంది.

ఇప్పుడు మేము రోజూ చూసే చోటికి వద్దాం. బడికి. మా ఇళ్ళలో మొదటిసారి డిగ్రీ పట్టా చూసిన తరం మాది. మా వెనకొచ్చే పిల్లల్ని కాపాడుకోవాల్సిన పని మా మీదుంది. టి.సి.లో ప్రవర్తన అని ఒక గడి ఉంటది. ఆ గడిలో సంతృప్తికరం అని రాస్తారు గానీ, అసలు రాత ముందే స్టాఫు రూములో రాసేస్తారు. మన బిడ్డ మాట్లాడకపోతే మొద్దు. మాట్లాడితే అధికప్రసంగి. ప్రశ్న అడిగితే ఎదురు మాట. అడగకపోతే బుర్ర లేదు. ఈ నాలుగు మాటల మధ్య బిడ్డ నిలబడే చోటేది? పుర్రచేత్తో రాసే పిల్లాడు డాక్టరు గారబ్బాయి అయితే ఎడమచేతివాటం, తెలివైనవాడని నవ్వుతారు. మన పిల్లాడైతే చేతి మీద బెత్తం పడుద్ది.

కొత్త పుస్తకం ఇస్తే చదవడం మానేసి ప్రతి పేజీ వాసన చూస్తూ కూచునే పిల్లలుంటారు. తిక్క పిల్లాడు అంటారు. ఆ ఇంట్లోకి అదే మొదటి పుస్తకం. ఇంకొక పిల్ల ఉంటది. నీళ్ళ కుళాయి దగ్గర అందరికంటే ముందొచ్చి కూడా వరస చివరికి పోయి నిలబడుద్ది. నిదానస్తురాలు అని రాస్తారు. అడిగితే చెప్పుద్ది, "మనం ముందు ముట్టుకోకూడదని మా నాయనమ్మ చెప్పింది" అని. ఆ బిడ్డది నిదానం అని మనం ఎట్లా ఒప్పుకుంటాం? వందేళ్ళ భయం ఆ చిన్న కాళ్ళని వరస చివరికి నడిపిస్తోంది. అది కనిపెట్టి "రామ్మా, నువ్వే ముందు తాగు" అని అనాల్సింది పంతులు. అనని పంతుల్ని అడగాల్సింది మీరు. పెట్టిన పేరు మోయలేక ఎనిమిదిలో, తొమ్మిదిలో బడి మానేసిన పిల్లలు మీ వీధిలో ఎందరున్నారో ఈ రాత్రికి లెక్కపెట్టండి.

ఊరి సంగతి చెప్పి మన ఇంటి సంగతి దాచిపెడితే అన్యాయం అవుద్ది. మన పల్లెలో కూడా తక్కెళ్ళున్నాయి. మొగుణ్ణి ప్రశ్నించిన ఆడమనిషి గయ్యాళి. సంఘం మీటింగులో గట్టిగా మాట్లాడిన అక్క నోరుగలది. అదే గొంతుతో మాట్లాడే అన్న నాయకుడు. సువార్త చేతిలో బిందె లేవకపోతే కారంచేడు పోరాటం అంటూ ఉండేదా? ఆ చేతిని పొగడుతూ ఇంట్లో చేతిని విరగ్గొట్టేవాడు కార్యకర్త ఎట్లా అవుతాడు? నడకలో లోపముంటే కుంటోడు, మాటలో తడబాటుంటే నత్తోడు. వాళ్ళకి పెట్టిన పేరు అంతేనా? వికలాంగుల్ని నలుగురిలో కావాలని అవమానించడం 2016 చట్టం ప్రకారం నేరం. ఇక మాలోళ్ళు మాదిగోళ్ళకి, మాదిగోళ్ళు మాలోళ్ళకి, ఇద్దరూ కలిసి డక్కలి వాళ్ళకి, రెల్లి వాళ్ళకి అంటగట్టే బుద్ధుల చిట్టా ఉంది. ఆ చిట్టా మనం రాసింది కాదు. మనువు చేతి రాతనే మనం కాపీ కొడుతున్నాం. దాన్ని మన చేత్తోనే చింపాలి.

కార్యకర్తలు రేపటి నుంచి చేయగలిగిన పనులు నాలుగు చెప్తాం.

ఒకటి. ఎవరన్నా మన మనిషిని పొగరు, కొవ్వు, కులబుద్ధి అన్నప్పుడు నెమ్మదిగా అడగండి: "ఇదే పని ఫలానా ఆసామి చేస్తే ఏమంటారండీ?" కోపం వద్దు. ఆ ప్రశ్న చాలు. తక్కెట్లో రెండో రాయి బయటపడుద్ది.

రెండు. సంఘం దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టండి. అన్న మాట అన్నట్టే రాయండి. ఎక్కడ అన్నారు, ఎప్పుడు అన్నారు, ఎవరెవరు విన్నారు రాయండి. 1989 అత్యాచారాల నిరోధక చట్టం 1990 జనవరి 30 నుంచి అమల్లో ఉంది. 2016 జనవరి 26న అమల్లోకి వచ్చిన సవరణ తర్వాత, జనం కంటబడే చోట కులం పేరుతో తిట్టడం సెక్షన్ 3(1)(ఎస్) కింద, కించపరచాలని కావాలని అవమానించడం 3(1)(ఆర్) కింద నేరాలు. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా శిక్ష. అయితే బయటివాళ్ళు ఎవరూ లేకుండా నాలుగు గోడల మధ్య అన్న మాట దీని కిందకి రాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కులం కారణంగా కించపరిచే ఉద్దేశం కనబడాలని 2024లో చెప్పింది. కాబట్టి ఉత్త "పొగరు" అనే మాట మీద కేసు నిలబడదు. దాంతో పాటు ఏమన్నారు, ఎక్కడ అన్నారు, సాక్షులెవరు అన్నదే ముఖ్యం. అందుకే నోటు పుస్తకం.

మూడు. బడిలో తల్లిదండ్రుల మీటింగుకి పొండి. కూలి పోద్దని మానేయకండి. వంతులు వేసుకుని పొండి. "మా బిడ్డకి మార్కులెన్ని" అనే కాకుండా "మా బిడ్డని ఏమని పిలుస్తున్నారు" అని కూడా అడగండి.

నాలుగు. మన అవ్వల దగ్గర కూచుని మాటలు రాసుకోండి. మనిషి వింత అలవాటుకి వాళ్ళ దగ్గర ఉన్నన్ని మాటలు ఏ నిఘంటువులోనూ ఉండవు. పండితులు ఆ మాటల మీద గ్రామ్యం అని ముద్రేసి బయట కూచోబెట్టారు, మనల్ని బడి బయట కూచోబెట్టినట్టే. గిడుగు రామమూర్తి గారు 1940లో కన్నుమూసేదాకా జనం మాటని పుస్తకాల్లోకి తేవాలని పోట్లాడారు. ఆ పుస్తకాల్లో పల్లె మాటకి ఇంకా పూర్తి చోటు దొరకలేదు. అవ్వతో పాటు ఆ మాటలు కూడా మట్టిలో కలిసిపోతే మళ్ళీ దొరకవు.

మనం అడుగుతున్నది పెద్ద కోరికేమీ కాదు. భూమి అడుగుతున్నాం, కూలి అడుగుతున్నాం, నీళ్ళు అడుగుతున్నాం. వాటితో పాటు ఇది కూడా అడుగుతున్నాం. మనలో ఒకడు పిసినారి అయితే అతనొక్కడే పిసినారి కావాలి. ఒకామె ముక్కోపి అయితే ఆమె ఒక్కతే ముక్కోపి కావాలి. ఒకాయన కాలు మీద కాలేసుకుని, పాట కూనిరాగం తీస్తూ, కిటికీలోంచి ఆకాశం చూస్తూ బస్సులో కూచుంటే ఊరు ఉలిక్కిపడకూడదు. "అదో మనిషి, అదో తరహా" అని నవ్వుకుని పోవాలి. తన తిక్క తనదిగా బతకగలిగిన రోజున మన మనిషి మందలోంచి బయటికొచ్చి మనిషిగా లెక్కకొస్తాడు. ఆ లెక్క కోసం మన పోరాటం.

జై భీమ్!